పసుపు అట్టలో ఆరు పాటలు

నిజామాబాద్
8 జనవరి 2025

తమ్ముడు విశ్వానికి,

అక్క ఇంద్రజ దీవెనలు. నువ్వు, నాగమణమ్మ, కొత్తగా పెండ్లయిన మనీష్, కోడలు స్రవ్య అందరూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మీ బావ కృపాకర్, నేను బాగున్నాం.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. పోస్టాఫీసులో ఇన్‌లాండ్ లెటర్ అడిగితే కౌంటర్లో అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, లోపలికి వెళ్లి బీరువాలో వెతికి తెచ్చింది. నువ్వు కూడా ఉత్తరమే రాయి. ఫోన్ చేయకు. చేసినా ఎత్తను.

నీతో ఒక పని పడింది. పసుపు అట్ట రికార్డు గుర్తుందా? ఎనభై నాలుగులో నేను డిగ్రీ రెండో ఏడు, నువ్వు ఇంటరు. ఆబిడ్స్‌లో కొని, చేతిలో బస్సు చార్జీకి కూడా మిగలక, బేగంబజార్ దాకా నడిచి వచ్చాం. రికార్డు ప్లేయర్ పుట్టిందే భజనల కోసమని బాపు నమ్మకం. ఆయన ఇత్తడి సామానుకని మురాదాబాద్ పోయిన వారమే మనకు పండుగ. తిరిగొచ్చేలోపల ఆ రికార్డును, ఆయన ఎప్పుడూ పెట్టని ఒక భజనల రికార్డు అట్టలో దూర్చి, ఆ భజనలను పసుపు అట్టలోకి మార్చి దాచేవాళ్లం.

అట్ట మీద నుదుటికి ఎర్ర రిబ్బను కట్టుకుని గిటారు పట్టుకున్న కుర్రవాడు. వెనుక నాలుగు చిన్న ఫోటోలు. సినిమా చూసే భాగ్యం మనకెక్కడిది? ఆ నాలుగు ఫోటోలు, ఆరు పాటలు పెట్టుకుని కథంతా మనమే అల్లాం. మొదటి పాటలో కుర్రవాడు ఇల్లు వదిలి పట్నం పోతాడు. రెండోది పోటీ పాట. మూడో పాటలో కీబోర్డు రైలు కూతలా మోగుతుంది కదా, అక్కడ అతని అక్క రైలెక్కి ఎటో వెళ్లిపోతుంది. ఆరో పాటలో ఏదో స్టేషన్లో చాయ్ కొట్టు రేడియోలో తమ్ముడి గొంతు విని రైలు దిగుతుంది. "దిగది. రైలు పోతనే ఉంటది" అని నువ్వు. దిగుతుందని నేను. రెండేళ్లు కొట్లాడాం.

ఇప్పటి పిల్లలు పాట నచ్చకపోతే వేలితో నెట్టేస్తారు. మధ్యలో సూది ఎత్తితే గీత పడుతుందని నీ భయం కాబట్టి మనం ఆ రెండో పాటను భరిస్తేనే మూడోది వచ్చేది. దానికోసం కాచుకుని కూర్చోవడంలోనే సగం రుచి ఉందేమో. ఆ డ్రమ్ములు చేత్తో వాయించినట్టుండేవి కావు, కరెంటు కొట్టినట్టుండేవి. వీపు మీద వెంట్రుకలు లేచేవి.

పెండ్లప్పుడు ఆ రికార్డును నీకే వదిలేసి వచ్చాను. ఇప్పుడు అది నాకు కావాలి. ఫిబ్రవరి నెలాఖరు లోపల కావాలి. ఎందుకని అడగకు.

అందరికీ నా ఆశీస్సులు.
అక్క

*

బేగంబజార్
17 జనవరి 2025

గౌరవనీయులైన అక్కయ్య గారికి,

తమ్ముడు విశ్వేశ్వర్ నమస్కారములు. మీ ఉత్తరం అందింది. మీరు తెలుగు పంతులమ్మ కాబట్టి పుస్తకాల భాషలోనే రాస్తున్నాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దగలరు.

ఫోన్ ఎత్తనని రాశారు. సంతోషం. కారణం అడగకూడదన్నారు కాబట్టి అడగను, కానీ మాకు తెలియదనుకోవద్దు. దీపావళికి ఫోన్ చేసి "అక్కా, పానం మంచిగున్నదా?" అని అడిగాను. "నాకేం వద్దు, మీరే తినుండ్రి" అని పెట్టేశారు. ఆరోగ్యం అడిగితే ఇదా జవాబు? తరువాత మనీష్ పెండ్లి. నాగమణమ్మ రెండు నెలలుగా ఆ ఒక్క మాటే చెప్పి బాధపడుతోంది. దాని మాటల్లోనే రాస్తున్నాను.

"పెండ్లి హాల్ల అంత బ్యాండ్ చప్పుడుల అందరితోని మంచిగ ముచ్చట పెట్టింది. తెల్లారి మన వంటింట్ల ఇద్దరమే ఉన్నం. ఎనుక నిలవడి 'వదినె, చాయ్ తాగుతవా' అని మూడుసార్లు అడిగిన. మొకం గూడ తిప్పలే. గడప కాడికెళ్లి కొత్త కోడలు చూస్తున్నది. నా ఇజ్జత్ ఏం కావాలె?"

మర్యాదలో ఏ లోటు జరిగిందో మాకు తెలియదు. జరిగి ఉంటే పెద్ద మనసుతో చెప్పవచ్చు కదా. నలభై ఏళ్ల కిందటి రికార్డు అడగడంలో అర్థం ఏమిటి? నీ సామాను నీకు, నా సామాను నాకు అనా?

వెతుకుతాను. అటక మీద ఎక్కడో ఉండవచ్చు.

ఇట్లు,
విశ్వేశ్వర్

*

నిజామాబాద్
24 జనవరి 2025

విశ్వం,

నువ్వు నన్ను "మీరు" అన్నది ఇదే మొదలు. తప్పులేమీ దిద్దలేదు. ఉన్న తప్పు ఆ ఒక్క మాటే.

సామాన్ల పంపకం గురించి నేను కలలో కూడా అనుకోలేదు. నాగమణమ్మకు చెప్పు. ఆ రోజు తన మాట నేను వినలేదు, అంతే. అందులో అవమానం లేదు, కోపం లేదు. ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

రికార్డు దొరికితే పంపు. అందులో మూడో పాట ఒక్కటి వింటే చాలు. ఫిబ్రవరి నెలాఖరు అని మరిచిపోవద్దు.

ఇక్కడ చలి తగ్గలేదు. మీ బావ మంకీ క్యాపు పెట్టుకుని పేపర్ చదువుతున్నాడు.

అక్క

*

బేగంబజార్
14 ఫిబ్రవరి 2025

అక్కయ్య గారికి నమస్కారములు.

పనుల ఒత్తిడి వల్ల జవాబు ఆలస్యమైంది. అక్షరాలు వంకరగా ఉన్నాయి, పడుకుని రాస్తున్నాను. క్షమించగలరు.

నాగమణమ్మకు మీ ఉత్తరం చదివి వినిపించాను. "నా మాట ఇననని కాయితం మీదనే రాసింది గదా. ఇంకేంది?" అన్నది.

రికార్డు మన ఇంట్లో లేదు. ఇన్నాళ్లూ దాచాను, ఇప్పుడు చెబుతున్నాను. మీ పెండ్లయిన రెండేళ్లకు, ఎనభై ఎనిమిదిలో, నా దోస్తు శ్రవణ్‌కుమార్‌కు ఇచ్చాను. అఫ్జల్‌గంజ్‌లో అతనికి కేసెట్ల దుకాణం ఉండేది కదా, చీటీ మీద పాటలు రాసిస్తే ఖాళీ కేసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. కాపీ చేసుకుని వారంలో ఇస్తానన్నాడు. ఇవ్వలేదు. నేనూ మొహమాటపడి అడగలేదు, ఆ పైన మాట్లాడటమే మానేశాను. దుకాణం ఎప్పుడో మూసేశాడు. మనిద్దరి వస్తువును మిమ్మల్నడగకుండా ఇచ్చింది నేను. తప్పు నాదే.

దాని కాపీ కేసెట్ ఏదైనా అటక మీద ఉంటుందేమోనని చూశాను. లేదు.

ఇక మీ ఇష్టం.
విశ్వేశ్వర్

*

నిజామాబాద్
20 ఫిబ్రవరి 2025

ఒరేయ్ విశ్వం,

ఈసారి ఇన్‌లాండ్ చాలదు. నోటుబుక్కు కాయితాలు చింపి రాస్తున్నాను. నిదానంగా చదువు, నాగమణమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

నాకు చెవులు వినబడటం లేదు.

"మాట వినలేదు" అని రాశాను చూడు, అది ఆ వినడం కాదురా. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన దాన్ని, ఒక్క మాట సరిగ్గా రాయలేక నా మరదలిని ఏడిపించాను. ఆమె చాయ్ అడగడం నా చెవిన పడనే లేదు. ఆమె వెనుక ఉన్నట్టు కూడా నాకు తెలియదు. మరి బ్యాండ్ చప్పుడులో ఎట్లా మాట్లాడావని అడుగుతారు. ఈ జబ్బు విచిత్రమదే. గోల ఉన్నచోట, అందరూ గొంతు పెంచి మాట్లాడతారు కాబట్టి, నాకు నయంగా ఉంటుంది. బస్సులో మాటలు అందుతాయి. ఇంట్లో నిశ్శబ్దంలో అందవు. దీపావళికి ఫోన్లో నువ్వు "పానం" అన్నది నాకు "పాకం" అన్నట్టు వినబడింది. గులాబ్‌జామున్ పంపుతానంటున్నావనుకున్నాను!

నాలుగేళ్లయింది మొదలై. తరగతిలో పద్యం చెబుతుంటే వెనుక బెంచీ నవ్వులు నాకు వినబడేవి కావు, పిల్లల ముఖాల్లో కనబడేవి. అప్పుడే నీకు చెప్పవలసింది. చెప్పలేదు, ఎందుకో తెలుసా? నాయనమ్మ. మనిద్దరం ఆమె ముందు నిలబడి, గొంతు లేకుండా ఉత్త పెదవులు ఆడించేవాళ్లం. పాపం, ఆమె చెయ్యి చెవికి ఆనించి "ఏందిరా, ఏమంటున్రు? జర గట్టిగ చెప్పుండ్రి" అని బతిమాలేది. మనం పడి పడి నవ్వేవాళ్లం. నువ్వు చిన్నవాడివి, నేనే ఆ ఆట నేర్పాను. నువ్వు నవ్వుతావని కాదురా తమ్ముడూ. నవ్విన మనిషిని నేనే, ఆ సిగ్గుతో చెప్పలేదు.

మొన్న డిసెంబరులో మీ బావ పట్టుబట్టి ఇక్కడి డాక్టరు కీర్తిప్రియ గారి దగ్గరికి తీసుకెళ్లాడు. చిన్న వయసు, ఓపిక ఎక్కువ. చెప్పేదంతా పలక మీద రాసి చూపించింది. చెవి లోపల బియ్యపు గింజకంటే చిన్న ఎముక ఒకటుంటుందట. అది కదిలితేనే శబ్దం లోపలికి పోతుంది. నాకది బిగుసుకుపోయింది. "మీ వాళ్లలో ఎవరికైనా ఉండేదా?" అని రాసింది. నేను "నాయనమ్మ" అని చెప్పి, పలక తిరిగి ఇచ్చేశాను. ఆ ఎముక తీసి, అక్కడ చిన్న కడ్డీలాంటిది పెడతారు. ముందు ఎక్కువ పోయిన కుడి చెవికి చేస్తారు. చాలామందికి బాగవుతుంది. నూటికి ఒకరికి మాత్రం ఆ చెవి పూర్తిగా పోవచ్చునని కాగితం మీద సంతకం తీసుకున్నారు. ఆ ఒక్కరూ నేనేనని అప్పటి నుంచి నా భయం. మార్చి పన్నెండున ఆపరేషన్.

అందుకే రికార్డు అడిగాను. ఉన్న కొంచెం వినికిడి ఉండగానే ఆ మూడో పాట ఒకసారి వినాలనిపించింది. ఫోన్లో దొరుకుతుందని మీ బావ పెట్టి చూపాడు. చీమ నడిచినట్టుగా కూడా లేదు. మన ప్లేయర్ పక్కన చెక్కపెట్టె స్పీకర్ ఉండేదే, దాని దగ్గర కూర్చుంటే వినబడుతుందని ఒక పిచ్చి ఆశ.

నువ్వు రికార్డు ఇచ్చేశావని చదివి కోపం రాలేదు. నన్ను "మీరు" అన్నందుకు మాత్రం వచ్చింది. అది వెనక్కి తీసుకో.

నాగమణమ్మకు చెప్పు, వంటింట్లో ఆ చాయ్ నాకిప్పుడు తాగాలని ఉంది.

అక్క

*

బేగంబజార్
27 ఫిబ్రవరి 2025

అక్కా,

వెనక్కి తీసుకున్నా. మీరు గీరు ఏమీ లేదు. నా బుద్ధి గడ్డి తిన్నది.

నీ ఉత్తరం స్రవ్య పైకి చదివింది. సగంలోనే నాగమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లేచిపోయింది. తరువాత వచ్చి నన్నే తిట్టింది. "నువ్వన్న చెప్పొద్దా? తోడబుట్టినోనివి, అక్కకు ఇనస్తలేదని నీకు తెల్వదా? నేను ఆమెను ఎన్నెన్నంటిని!" రెండు రోజులు ఇంట్లో అదే లొల్లి. నేనూ నాయనమ్మను తలుచుకుని ఏడ్చాను. ఆట నేర్పింది నువ్వే కావచ్చు, రోజూ ఆడింది నేనే.

ఇప్పుడు నేను దాచింది చెబుతాను. పడుకుని రాస్తున్నానన్నాను కదా, కాలికి కట్టు ఉంది. నీ రెండో ఉత్తరం వచ్చిన వారానికి అటక మీద కేసెట్లు వెతుకుతూ స్టూలు మీద నుంచి పడ్డాను. మడమ దగ్గర ఎముక చిట్లింది. చెబితే రికార్డు అడిగినందుకు నువ్వు బాధపడతావని చెప్పలేదు. ఫికర్ చేయకు, ఇంకో పది రోజుల్లో కట్టు విప్పుతారు.

రికార్డు సంగతికి వస్తాను. నీ ఉత్తరం చదివాక ఊరుకోలేకపోయాను. శ్రవణ్ ఇప్పుడు సంతోష్‌నగర్‌లో ఉంటున్నాడని స్రవ్య ఫోన్లో ఎవరెవరినో అడిగి ఆరా తీసింది. ఆటోలో కాలు అడ్డంగా చాపుకుని, కోడలిని తోడు తీసుకుని పోయాను. ముప్పై ఏడేళ్ల తరువాత చూశాను అతన్ని. తలుపు తీసి, నా కట్టు చూసి, నా ముఖం చూసి, "విశ్వం భాయ్! గిట్లొచ్చినవేంది? కాలుకేమైంది?" అని లోపలికి పట్టుకుపోయాడు. నేను కూర్చోకుండానే అడిగాను.

"శ్రవణ్, ఆ పసుపు అట్ట రికార్డు నా అక్కది. ఆమెకు చెవుల ఆపరేషన్ ఉన్నది. నీ దగ్గరుంటే ఇయ్యి, పుణ్యముంటది."

అతను నా వంక వింతగా చూశాడు. "నీ రికార్డా? నా దగ్గరేడిది భాయ్? నువ్విచ్చిన అట్టల భజనలుండె!"

"ఏంది?"

"అవ్ మల్ల! దుకాణం నిండ గిరాకి ఉన్నది. మస్తు డిస్కో పాటలొచ్చినయని అందరికి చెప్పి సూది పెట్టిన. హారతి పాట మొదలైంది. అందరు నవ్విన్రు. నువ్వు కావాలనే ఎక్కిరించినవనుకున్న. గా కోపానికే నీతోని మాట్లాడలే."

నేనేమో వాడు రికార్డు మింగేశాడని మాట్లాడలేదు. వాడేమో నేను ఎగతాళి చేశానని మాట్లాడలేదు. ముప్పై ఏడేళ్లు, అక్కా! బేగంబజార్‌కు, సంతోష్‌నగర్‌కు మధ్య ఎంత దూరముందని? అట్ట మాత్రం బొమ్మ బాగుందని దాచుకున్నాడు. లోపల భజనలతో సహా చేతిలో పెట్టాడు. ఇద్దరం ఒకరి భుజం ఒకరు చరుచుకుని నవ్వుతుంటే, కట్టుకాలి నొప్పికి నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

మరి మన రికార్డు ఎక్కడుంది? స్రవ్యకే ముందు తట్టింది. "మామయ్యా, భజనలు పసుపు అట్టల ఉంటే, భజనల అట్టల ఏమున్నది?" ఇంటికి వచ్చి పూజగదిలో చూశాం. బాపు పోయాక నాగమణమ్మ ఆ భజనల అట్టను దేవుళ్ల పటాల పక్కన నిలబెట్టింది. ప్రతి శుక్రవారం దానికి బొట్టు పెడుతుంది. విప్పి చూస్తే మన డిస్కో రికార్డు! నాగమణమ్మ చెంపలేసుకుని, "గిన్నేండ్లు దీనికా నేను అగరొత్తులు ముట్టిచ్చింది!" అన్నది. పోనీలే, దాని పుణ్యమే ఇప్పుడు పనికొచ్చింది.

ప్లేయర్ బెల్టు కొత్తది వేయించాను. చెక్క స్పీకర్ పని చేస్తోంది. మనీష్ ఆదివారం అన్నీ కారులో పెట్టుకుని వస్తాడు.

ఇంకొక పాపం కూడా కడుక్కుంటాను. ఆ సినిమా నేను చూశాను. ఎనభై ఐదులో కాలేజీ ఎగ్గొట్టి శ్రవణ్‌తో మార్నింగ్ షోకు పోయాను. మన కథ అందులో ముక్క కూడా లేదు. అసలు ఆ కుర్రవాడికి అక్కే లేదు! నీ మూడో పాటలో హీరో స్విమ్మింగ్ పూల్‌లో పెద్ద బాతు బొమ్మ మీద కూర్చుని తేలుతుంటాడు. ఆ రైలు కూత, బాతు నోటి నుంచి వస్తుంది. నేను సీట్లో కూలబడిపోయాను. ఇంటికొచ్చేసరికి నువ్వు ఆ పాటే వింటున్నావు, కళ్లు మూసుకుని. చెప్పకుండా వచ్చి నీ పక్కన కూర్చున్నాను. ఆ తరువాత కూడా "రైలు పోతనే ఉంటది" అని నీతో కొట్లాడుతూనే ఉన్నాను. ఆగిపోతే నీకు అనుమానం వస్తుందని.

నీ తమ్ముడు
విశ్వం

*

నిజామాబాద్
4 మార్చి 2025

విశ్వం, నా తండ్రీ,

కాలు విరగ్గొట్టుకుని నాకు చెప్పవా? నీకు మళ్లీ అటక ఎక్కే పని పెడితే ఒట్టు. నాగమణమ్మకు చెప్పు, స్టూలు దాచేయమని.

మనీష్ ఆదివారం వచ్చి అన్నీ అమర్చి పెట్టాడు. "అత్తా, సౌండ్ పెంచాలెనా?" అని నా ఎడమ చెవిలో అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. చివరకు పలక మీద రాశాడు. నాగమణమ్మ పంపిన చాయ్‌పత్తీ డబ్బా కూడా ఇచ్చాడు. ఆ డబ్బా చూడగానే పొయ్యి మీద నీళ్లు పెట్టాను.

వాడు బయలుదేరాక, మీ బావను కూరగాయలకు పంపి, తలుపు వేసుకుని రికార్డు పెట్టాను. సూది దిగింది. చక్రం తిరుగుతోంది. నాకేమీ వినబడలేదు. చిన్న గరగర, అంతే. మొదటి పాట పోయింది, రెండో పాట పోయింది. సూది ఎక్కడుందో చూసి మూడోది వచ్చిందని తెలుసుకున్నాను. కంటితో పాట చూడటం ఎట్లా ఉంటుందో ఎవరికి చెప్పను? ఇంక ఓపిక లేక తల వంచి ఆ చెక్కపెట్టె మీద నుదురు ఆనించాను.

విశ్వం, పాట తల లోపల మోగింది!

ఉలిక్కిపడి లేచాను. పోయింది. మళ్లీ నుదురు ఆనించాను. వచ్చింది. దవడ ఆనిస్తే ఇంకా స్పష్టంగా వచ్చింది. ఆ కరెంటు డ్రమ్ములు, ఆ కూత, ఆ అమ్మాయి గొంతు విరిచి పాడే చోటు, అన్నీ. పెట్టెను రెండు చేతులా కౌగలించుకుని, పాట అయ్యేదాకా అట్లాగే కూర్చున్నాను. మీ బావ సంచితో వచ్చి, కిటికీలోంచి చూసి నేను పడిపోయాననుకుని తలుపు బాదాడట. అది నాకు వినబడలేదులే.

మరునాడు డాక్టరమ్మకు చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది. "చాలా మంచి గుర్తు. ఎముక ద్వారా వినబడుతోందంటే లోపలి నరం బాగుంది. అడ్డం ఆ చిన్న ఎముకే" అని రాసింది. తనూ మొదట్లో శ్రుతిదండం, అదే ట్యూనింగ్ ఫోర్క్, మోగించి చెవి వెనుక ఎముకకు ఆనించి ఇదే పరీక్ష చేసిందట. అప్పుడు రాసి చూపినా నాకు నమ్మకం కుదరలేదు. మన పాటతో కుదిరింది. నిన్న రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

ఇక నీ పాపం సంగతి. బాతు నోట్లోంచి కూత! రాక్షసుడా, ఎనభై ఐదు నుంచీ దాచావా? సరే, నేనూ చెబుతాను. నేనూ ఆ సినిమా చూశాను. పెండ్లయిన మరుసటి ఏడు ఇక్కడి థియేటర్లో మళ్లీ ఆడితే మీ బావ తీసుకెళ్లాడు. బాతు రాగానే "ఇదేనా నువ్వు చెప్పిన రైలు?" అని ఆయన అడిగాడు. నాకు ఏడుపొచ్చింది. నీకు రాద్దామనుకుని, ఇన్‌లాండ్ కొని కూడా, మానేశాను. ఇంట్లో ఒక్కడివే కూర్చుని మన కథ వింటూ ఉంటావు, దాన్ని చెడగొట్టడం ఎందుకనుకున్నాను. నీకు ముందే తెలుసునని నాకేం తెలుసు?

ఆ డైరెక్టరుకు మన కథ దొరికి ఉంటే ఎంత మంచి సినిమా తీసేవాడు!

పన్నెండో తారీఖున నువ్వు రావద్దు. కుంటుకుంటూ వచ్చి ఆసుపత్రిలో ఏడుస్తావు. నువ్వు పలక మీద రాసేవన్నీ చదివే ఓపిక నాకుండదు. ఉగాదికి అందరూ రండి.

అక్క

*

బేగంబజార్
8 మార్చి 2025

అక్కా,

రావద్దంటే రాను. కానీ ఆ రోజు ఇక్కడ మన ఇత్తడి దుకాణం తెరవను.

నువ్వూ చూశావా! ఉత్తరం చదివి ఇంట్లో అందరికీ వినబడేటట్టు నవ్వాను. నాగమణమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది? అక్కకు మంచిగైందా?" అన్నది. "ఇంక కాలే. అయితది" అన్నాను.

నాగమణమ్మ మొక్కులు మొక్కింది, ఎన్నో చెప్పడం లేదు. నీకు చెప్పమన్న మాట ఇది: "వదినె, నేను గట్టిగ మాట్లాడుడు నేర్సుకున్న. ఆపరేషన్ ఎట్లయినా ఫికర్ చెయ్యకు. మన ఇంట్ల నీకు ఇనపడనిది ఏది ఉండది."

డాక్టరమ్మ చెప్పినట్టు చెయ్యి. బావకు నమస్కారాలు.

విశ్వం

*

నిజామాబాద్
26 మార్చి 2025

తమ్ముడూ,

ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా చదివేలోపల నీకు గుండె దడ ఎందుకు. వినబడుతోంది. కుడి చెవి, పూర్తిగా పోయిందనుకున్న చెవి, వినబడుతోంది. ఇక నిదానంగా చదువు.

ఆపరేషన్ గంటలోపే అయింది. నొప్పి లేదు, కళ్లు తిరగడం మాత్రం రెండు రోజులు బాగా ఉంది. మంచం పట్టుకుని నడిచాను. పంతొమ్మిదిన చెవిలో దూది తీశారు. డాక్టరమ్మ వెనుకకు వెళ్లి నా పేరు పిలిచింది. హోరు తప్ప నాకేమీ అందలేదు. "వాపు ఉంది. తగ్గేదాకా ఆగాలి" అని ఆమె పలక మీద రాసింది. ఇంటికి వచ్చేదాకా మీ బావ నా వంక చూడలేదు, నేను ఆయన వంక చూడలేదు. నూటికి ఆ ఒక్కరూ నేనే అయ్యాననుకున్నాను. అందుకే నీకు అప్పుడు రాయలేదు.

ఇరవై మూడు ఆదివారం పొద్దున. వంగొద్దని, బరువులు ఎత్తొద్దని చెప్పారు కాబట్టి వంటిల్లు మీ బావ చేతిలో ఉంది. నేను వంటింటికి వీపు పెట్టి, కుర్చీలో పేపర్ చదువుతున్నాను. పేజీ తిప్పాను. గాజు పగిలినంత చప్పుడైంది! భయపడి ఆగాను. మళ్లీ తిప్పాను. మళ్లీ అదే చప్పుడు. అది కాగితం చప్పుడని గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. నా గాజులు ఒకదానికొకటి తగిలితే గుడి గంటలు. వీధిలో ఆటో, పక్కింట్లో కుక్కర్. నేను కదలకుండా కూర్చున్నాను, కదిలితే పోతుందేమోనని.

అప్పుడు వెనుక నుంచి ఒక గొంతు. మెల్లగా, ఏ తొందరా లేకుండా మాట్లాడుతోంది.

"పాలోడు ఇయ్యాల నీళ్లు కలిపిండు ఇందూ. రేపు అడుగుత. గ్యాసు బండ గూడ అయిపోవచ్చింది. నిన్న రాత్రి నువ్వు మంచిగ పన్నవు, నేను రెండుసార్లు లేచి చూసిన."

మీ బావ, విశ్వం. నాలుగేళ్లుగా ఆయన మాటలు తగ్గించాడని అనుకున్నాను. చెవిటి దానితో ఏం మాట్లాడతాడులే, విసుగొచ్చి ఉంటుందని సరిపెట్టుకున్నాను. ఆయన ఒక్కరోజు కూడా మానలేదట. నాకు అందదని తెలిసీ, నేను ముందు గదిలో ఉంటే వంటింట్లోంచి, వంటింట్లో ఉంటే ముందు గదిలోంచి, నాకు చెప్పవలసినవన్నీ చెబుతూనే ఉన్నాడు. అవసరమైనది మాత్రం వచ్చి గట్టిగా మళ్లీ చెప్పేవాడు. మిగతా మాటలన్నీ నాలుగేళ్లుగా ఇంట్లోనే ఉన్నాయి, నేనే అందుకోలేకపోయాను.

కళ్లలో నీళ్లు నిండి పేపర్లో అక్షరాలు కనబడలేదు. తిరిగి చూడలేదు. ఇంకా వినాలనిపించింది. గిన్నె గీకుతున్న చప్పుడు వచ్చింది. ఆ పైన చాలా చిన్న గొంతుతో, తప్పు చేసిన పిల్లవాడిలాగా అన్నాడు.

"ఉప్మా ఇయ్యాల గూడ మాడింది. తిట్టకు ఇందూ. రేపు మంచిగ చేస్త."

నేను వెనక్కి తిరగకుండానే అన్నాను. "తిట్టనులే. అడుగంటింది వదిలిపెట్టి, పైపైది పెట్టుకుని రా."

ఆయన చేతిలో గరిటె జారి బండ మీద పడింది. ఆ చప్పుడుకు ఇద్దరం ఒక్కసారే ఉలిక్కిపడ్డాం.

అక్క ఇంద్రజ